చెప్పడం మరిచిన రంగు

మేకలు ఈనే నెలలో సెవ్‌జిద్ చేతులకు తొడుగులుండవు.
అడ్డం తిరిగిన పిల్లను మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగుతుంది,
మాయను మంచులోకి విసిరి
అదే చేత్తో పొయ్యిలో పిడక సర్దుతుంది.

జ్వరం ఆ చేతుల గుండానే వచ్చింది.
పగలంతా ఎక్కడో నక్కి
పొద్దు వాటారగానే వచ్చి
నడుం కీళ్లలో గుడారం వేసేది.
"వయసు" అంది తను.
రక్తపరీక్ష వేరే మాట చెప్పింది.

నా పేరు గొంబో. ఈ లోయకి వైద్య సహాయకుణ్ణి.
నా ఆసుపత్రి ఒక మోటారు సైకిలు, రెండు సంచులు.
డాక్టరు రాసిన రెండు రకాల మాత్రలు
నలభై రెండు రోజులకి లెక్కపెట్టి తెచ్చాను.

పొయ్యి పక్కన కూర్చుని అన్నీ చెప్పాను.
ఎర్ర మాత్ర పొద్దున్నే, పరగడుపున.
పచ్చ గొట్టం రెండు పూటలా, గిన్నెడు నీళ్లతో.
మింగిన వెంటనే నడుం వాల్చకండి,
గొంతులో అతుక్కుంటే అక్కడే పుండు పడుతుంది.
ఎండలో ముఖం కప్పుకోండి,
ఈ మందు తినే చర్మం ఇట్టే కమిలిపోతుంది.
కంటి తెల్లగుడ్డు పచ్చబడినా, తిండి మీద మనసు చచ్చినా
మాత్ర ఆపి అప్పటికప్పుడు కబురు పెట్టండి.
ఇంకొకటి: పచ్చ గొట్టానికి అటు రెండు గంటలు, ఇటు రెండు గంటలు
పాలు ముట్టుకోకండి.

అక్కడ నవ్వింది.
"గడప తొక్కినవాడికి పాలు లేని టీ పోస్తే
కుక్కని ఉసిగొల్పినట్టే మా దగ్గర."
"అతిథికి పోయండి. మీరు తాగకండి."
"మరి ఆకాశానికి?"
రోజూ తెల్లవారుతూనే తొమ్మిది గుంటల చెక్క గరిటెతో
తొలి పాలు పైకి చల్లే మనిషి.
"ఆకాశానికి పాలు, మీకు నీళ్లు. నెలన్నర."
"దానికి జ్వరం లేదులే" అని ఒప్పుకుంది.

నాలుగో రోజు మనవడు తుదేవ్
నురగలు కక్కే గుర్రం మీద వచ్చాడు.
"అవ్వ కళ్లలోంచి రక్తం."

ఏరు దాటేటప్పుడు మోటారు సైకిలు రెండుసార్లు ఆగింది.
వెళ్లేసరికి సెవ్‌జిద్ తలుపు దగ్గర కూర్చుని ఉంది,
పండగ నడికట్టు కట్టుకుని.
గరిటె అప్పటికే కోడలి చేతికి ఇచ్చేసింది.
"నువ్వు చెప్పిన పచ్చదనం వచ్చింది" అంది నిమ్మళంగా,
"నిన్నటి నుంచీ మాత్రలు ఆపేశాను."
తువ్వాలు చాపింది. నారింజ రంగు మరకలు.
కనురెప్ప కిందికి లాగి చూశాను.
తెల్లగుడ్డు కొత్త గిన్నెలా తెల్లగా ఉంది.

పుండు చెప్పాను, ఎండ చెప్పాను, పాలు చెప్పాను.
ఎర్ర మాత్ర కన్నీళ్లకి, చెమటకి, ఉచ్చకి
తన రంగు పూస్తుందని, అది మందే గాని రోగం కాదని
ఆ ఒక్క మాట నా నాలుక దాటలేదు.

ఇప్పుడు చెప్పాను. చాలాసేపు నన్నే చూసింది.
"అన్నీ చెప్పావు. మనిషి ఏడుస్తుందని మాత్రం అనుకోలేదు."
ఎందుకేడ్చారని అడగలేదు.
పొయ్యి పొగ అనే అంటుంది.

నాలుగో వారం మళ్లీ వెళ్లాను.
రోజుకొక గొర్రె చీలమండ ఎముక
పెట్టె మీద కుడి నుంచి ఎడమకి జరుపుతోంది.
వరస ఇరవై మూడు దగ్గర ఆగిపోయి ఉంది.
మిగతా మాత్రలు పొగాకు సంచిలో.
"జ్వరం పోయి వారమైంది. పక్క గుడారం లువ్సన్ దగ్గుతున్నాడు.
వాడికి పనికొస్తాయని."
"దగ్గు అతనిది. మాత్రలు మీవి.
జ్వరం పోలేదమ్మా, ఎముకల్లో నిద్రపోతోంది.
సగం మందు వేస్తే చావదు,
మళ్లీ లేస్తుంది, ఈసారి మందునే ఎదిరించడం నేర్చుకుని."
సంచి విప్పించి లెక్కపెట్టాను.
లువ్సన్ దగ్గు వినడానికి పక్క గుడారానికి నడిచాను.
తిరిగొచ్చేసరికి ఒక ఎముక జరిగింది.
గిన్నెలో నీళ్లు సగం ఉన్నాయి.
"పూర్తిగా" అన్నాను. తాగింది, తిట్టుకుంటూ.

ఆఖరి ఎముక జరిపిన మర్నాడు
నా ఎదుటే పాలు మూడు పొంగులు రానిచ్చింది,
మొదటి గరిటె పైకి, రెండోది నాకు,
మూడోది తనకి. మాట్లాడలేదు.

వచ్చే ఈతలకి ఇచ్చిన రబ్బరు తొడుగుల జత
తలుపు తాడుకి వేలాడుతోంది.
జత కాదు, ఒక్కటే.
రెండోది కుక్క ఎత్తుకెళ్లిందట.