ముక్కోణం

రాత్రి రెండు ముప్పావు. హనుమకొండల మా గది.
రెండు ఫోన్లు, ఒక కుంటి కుర్చీ,
విరుగుడుల పట్టిక మీద ఎండిన చాయ్ మరక.

రేగొండ దిక్కు నుంచి ఒక గొంతు:
"కూల్‌డ్రింక్ సీసల పోసిపెట్టిన పత్తి మందు,
మనుమడు తాగిండు సారూ."

"కక్కించకు. ఉప్పునీళ్ళు తాపకు."
"తాపిన."
సరే. తప్పు రాసే గడి
మా రిజిస్టర్ల లేదు.

"అసలు డబ్బా ఉన్నదా అవ్వా?
దాని మీద ముక్కోణం ఉంటది. ఏ రంగు?"

కరెంటు పోయిందట.
ఇంట్ల ఉన్న ఒక్క వెలుతురు
ఆమె చెవికి ఆనించుకున్న ఆ ఫోనే.

"చూసి చెప్త, ఉండు" అని
నా గొంతును డబ్బా మీదికి వంచింది.

అప్పుడు వినబడ్డది:
బస్తాల సందున ఎలుక,
ఎవరో "అంజీ, కండ్లు తెరువురా" అనుడు,
పిల్లగాని ఊపిరి, గురగుర.
గోడ గడియారం చూస్కుంట దాన్ని లెక్కపెట్టిన.

"పసుపు. కడపకు రాసే పసుపోలె."
ఎరుపు కాదు.
తక్కువదీ కాదు.

"బండి బయలెల్లింది. పక్కకు వొరగేసి పండవెట్టు.
పిల్లగానితోని ఆ డబ్బా గూడ రావాలె."

లైన్ తెగింది.
ఫలితం అన్న గడి ఖాళీగ
పన్నెండు రోజులు.

పదమూడో నాడు పగటీలి, అదే గొంతు:
"ఇంట్ల డబ్బాలన్ని తిప్పి చూసిన సారూ.
రెండు ఎర్రయి ఉన్నయి. యాడ పెట్టాలె?"

"తాళమున్న పెట్టెల" అన్న.
ఇంకోటి అడగబోయిన.

"నాయినమ్మా, ఫోనియ్యే, ఆట ఆడుకుంట"
ఎవడో గుంజుకున్నడు.
తెగింది.