నూటికి రెండు

బుడమేరు వెనక్కి పోయిన ఐదో రోజు
సింగ్‌నగర్‌లో నా షట్టరు ముందు
మిక్సీలు బారులు తీరాయి.
కడుపు నిండా బురద తాగి
ఒక్కటీ నోరు విప్పడం లేదు.

అచ్చమ్మ గ్రైండరు తోపుడు బండి మీద వచ్చింది.
"రేపటికి తిరగాలి నాయనా.
నీళ్ళొచ్చిన నాడే ఇడ్లీ బండి ఆగింది,
వడ్డీ మాత్రం ఆగలా."
అడుగు మూత విప్పితే మోటారు పక్కన
బొటనవేలంత పీతపిల్ల.
ముందు నవ్వింది ఆవిడే.

కాయిలు కడిగి,
వంద వాట్ల బల్బు కింద ఆరబెట్టి,
వార్నిష్ వాసనలో పూట గడిపాను.
ఇక కొలవాలి.
కొలిచేదే మునిగింది.

అది నాగుల్‌మీరా గారి మీటరు.
నల్ల బేకలైటు పెట్టె, అరచేతికి కాస్త పెద్ద,
ముల్లు వెనక సన్నటి అద్దం పట్టీ.
గవర్నర్‌పేట మెట్ల కింద కొట్లో
సోల్డరు పొగకి నా పదహారేళ్ళ కళ్ళు కారుతుంటే
"ఒక కన్ను మూయి" అనేవారు.
"అద్దంలో ఇంకో ముల్లు కనపడుతోందా?
అయితే పక్కనుంచి చూస్తున్నావు.
అది దీని వెనక దాక్కునే దాకా తల జరుపు.
అప్పుడు చదువు అంకె."
తర్వాత మనుషుల్ని కూడా అలాగే చూడబోయి
చాలాసార్లు మెడ పట్టేయించుకున్నాను.

విప్పాను.
వెంట్రుకంత స్ప్రింగు మీద
గంధం పూసినట్టు ఎండిన ఒండ్రు.
స్పిరిట్టు, నీళ్ళ రంగుల కుంచె, ఊపిరి బిగబట్టడం.
రెండు రాత్రులు.
మూడో రాత్రి ముల్లు
నిద్రలో పక్కకి తిరిగిన పిల్లలా కదిలింది.

ఎదురు దుకాణం చంద్రహాస్
తన డిజిటల్ మీటరు తెచ్చి పక్కన పెట్టాడు.
వాడిది వంద అంటే మాది తొంభై ఎనిమిది.
"వరద నీళ్ళు తాగింది కదన్నా" అన్నాడు.
లోపలి బుల్లి స్క్రూ పావు వంతు తిప్పాను.
రెండూ ఒకే మాట చెప్పాయి.
ఇద్దరం టీ తాగాం.

ఆ తర్వాత లూథర్ మాస్టారి డబ్బా టీవీ వచ్చింది,
మేడ మీదుండి బతికిపోయినది. బొమ్మ వణుకుతోంది.
అటక మీద తడవకుండా మిగిలిన
నాగుల్‌మీరా గారి నోటుబుక్కు దించాను.
నాలుగు మూలలా అగర్‌బత్తీ వాసన,
ఒక పేజీలో ఎవరి బాకీయో, పక్క పేజీలో
ఇరవై అంగుళాల సెట్టు: నూట ఎనిమిది.
నాకు నూట పది వస్తోంది.
ఒక ట్రాన్సిస్టరు మార్చాను. నూట పది.
రెండు కెపాసిటర్లు. నూట పది.
ఇంకో పేజీ తిప్పి, షాపులోని ఇంకో సెట్టు తీసి చూశాను,
అక్కడా అంతే ఎక్కువ.

తెల్లవారుజామున పాల వ్యాను హారను కొట్టినప్పుడు
తట్టింది.
నోటుబుక్కు నిండా ఉన్న అంకెలు
ఈ ముల్లు చెప్పినవే.
వరద దీన్నేం చెయ్యలేదు.
ముప్పై ఏళ్ళుగా నూటికి రెండు మింగుతూనే ఉంది.
ఆయనకి తెలుసో తెలియదో.
నేను దీన్ని సరిచేసి
ఆయన రాసినదంతా అబద్ధం చేశాను.

స్క్రూ పావు వంతు వెనక్కి తిప్పాను.
నూట ఎనిమిది.
టీవీ జబ్బు వేరే చోట ఉంది,
సాకెట్టు కాలి దగ్గర పగిలిన సోల్డరు చుక్క.

"ఏది రైటన్నా?" అన్నాడు చంద్రహాస్.
"నీదే."
"మరి మళ్ళీ ఎందుకు తిప్పావు?"
నోటుబుక్కు చూపించాను.
వాడు అగర్‌బత్తీ వాసన చూసి మూసేశాడు.

గ్రైండరు తిరిగింది.
మర్నాడు పొద్దున్నే అచ్చమ్మ
సగం డబ్బులూ, ఆకులో నాలుగిడ్లీలూ తెచ్చింది.
చట్నీలో ఉప్పు కొంచెం తక్కువైంది.
ఏమీ కలపకుండా తిన్నాను.