ఖాళీ గడి

మా పత్రిక ఏ కొట్లోనూ దొరకదు.
పొట్లాలు కట్టడానిక్కూడా చాలదు, ఎనిమిదే పేజీలు.
నారాయణగూడలో పాత ప్రెస్సు మీద రెండో అంతస్తు మాది.
మంగళవారం పొద్దున పదింటికల్లా
జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం గేట్ల దగ్గర
నాలుగు వందల పన్నెండు మంది దానికోసం చూస్తారు:
టోలుయిన్ ఎంత, అసిటోన్ ఎంత, డ్రమ్ముకు కిరాయి ఎంత.
మా అత్తగారికి పదకొండేళ్లుగా చెబుతున్నా,
"పేపరంటావు, సినిమా పేజీ ఏదే?" అంటుంది.

నా పని చందాలు.
గడువు దాటినవాళ్లకు ఫోను చేసి
ముందు పిల్లల చదువులు, చివర్న డబ్బు మాట.
మూడో రింగుకే ఎత్తితే కడతాడు.
"మీటింగ్‌లో ఉన్నా" అని గుసగుసలాడితే
పక్క ఫ్యాక్టరీ కాపీ జిరాక్సు తీయించుకుంటున్నాడని లెక్క.
ఇది ఏ కోర్సులోనూ చెప్పరు.

మార్కెటింగుకి నిశ్చల్ వచ్చాడు.
పేరు నిశ్చల్, కుర్చీలో పావుగంట నిలవడు.
"మనల్ని పదివేల మంది చదవాలి మేడమ్."
భ్రమరాంబగారు కళ్లజోడు తుడుచుకుంటూ,
"ఈ ఊళ్లో టోలుయిన్ కొనేవాళ్లే పదివేలుంటే
మనం ఊపిరెట్లా పీలుస్తాం బాబూ?" అన్నారు.
అయినా సగం ధర ఆఫరు పెట్టాం.
రెండు వేల మంది నొక్కారు. ముగ్గురు కట్టారు.
అందులో ఒకడు కింద ప్రెస్సు ఓనరు, మొహమాటానికి.

ఆ సోమవారం రాత్రి వాన.
ఖలీల్ సాబ్ ధరలు తెచ్చాడు తడిసిన చిట్టీలో.
పదిహేడు గళ్లు నిండాయి. మెథనాల్ గడి ఒక్కటి లేదు.
"ముగ్గురు డీలర్లు, మూడు మాటలు. ఒక్కటి నమ్మబుద్ధి కాలే."
సగటు తీసేద్దాం అని నిశ్చల్ ల్యాప్‌టాప్ తెరిచాడు.
"మూడు అబద్ధాలు కూడి మూడుతో భాగిస్తే
నిజమొస్తదా బేటా?"
కింద మిషను ఆగి ఉంది.
దాన్ని నడిపే యాదగిరి మూడో బీడీ వెలిగించాడు.
భ్రమరాంబగారు ఆ గడిలో రాయించారు:
ఈ వారం మాకు తెలియదు.

మర్నాడు పదీ అయిదుకే ఫోను.
బొల్లారం కొనుగోళ్ల మేనేజరు పుల్లంరాజు.
"తెలియదని చెప్పడానికా ఏడాదికి తొమ్మిది వేలు!"
విన్నాను. తిట్టేవాడు ఇంకా చదువుతున్నట్టే.
కాసేపటికి గొంతు తగ్గింది.
"మిగతా వాళ్లంతా అంకె వేశారమ్మా, ఎవడి అంకె వాడిది.
మీది చూసి నేను లారీ ఆపేశా.
సరే, బిల్లు పంపు. ఒక్క ఏడాదికే. అయిదొందలు తగ్గించు."
తగ్గించలేదు.
నిజం చెప్పాలంటే, రెండొందలు తగ్గించా.

నిశ్చల్ ఇప్పుడు ఖలీల్ సాబ్ స్కూటరు వెనక
జీడిమెట్లంతా తిరుగుతున్నాడు.
డ్రమ్ము మీద వేళ్లతో తట్టి
ఎంతవరకు నిండిందో వినడం నేర్చుకుంటున్నాడు.
వంచిన తల ఎత్తడు, పావుగంటైనా.
యాప్ కూడా వస్తుందట. రానీ.
అందులోనూ తెలియదనే గడి ఒకటి ఉంచమన్నా.
"దానికి ఏ రంగు వేద్దాం అక్కా?" అని అడిగాడు.

నాకింకా తోచలేదు.