వెనక చక్రం కింది రాయి

ఆరో పంటికే బిగుసుకుంటుంది హేండ్‌బ్రేకు.
చేతికి బిగువే, చక్రానికే తెలీదు.
బండి పూర్తిగా ఆగకముందే నేను దూకాలి,
వెనక టైరు కింద రాయి తొయ్యాలి.
క్లీనరంటారు గానీ
నా జీతం ఆ రాయికే.

సుంకి ఘాటీ మలుపులో, చింతపండు లోడుతో,
పాత్రో మేస్త్రి షెడ్డు.
"కేబులు ఇంకాస్త లాగీ, ఎల్లిపోతాం"
అన్నాడు మా పారినాయుడు.
"జొరమొస్తే తర్మామీటరు మారుస్తావేటి?"
జాకీ ఎత్తి, డ్రమ్ము ఊడదీశాడు మేస్త్రి.

లైనింగంతా నల్లటి జిడ్డు.
హబ్బు సీలు కారి, నూనె తాగి తాగి
గాజులా మెరుస్తోంది.
వేలితో రాసి, వాసన చూసి,
"ఎన్నాళ్ళబట్టిరా?"
పారినాయుడు నావైపు చూశాడు.
నేను రాయివైపు.

కొత్త సీలు, కొత్త లైనింగు,
పెట్రోలు గుడ్డతో తుడిచిన డ్రమ్ము.
పొద్దువాలాక ఏటవాలులో ఆపి, లివరు లాగి,
ఇంజను కట్టేశాడు.

బండి కదల్లేదు.

అప్పటికే దూకేశాను, అలవాటుగా.
టైరు పక్కన వంగి,
రెండు చేతుల్లో రాయితో అలాగే ఉండిపోయాను.
ఇంత బరువుందని ఇన్నాళ్ళూ తెలీదు.

కిటికీలోంచి పారినాయుడు:
"ఒగ్గీకు. పైనెట్టు."