నౌపడలో మంచు

పైనుంచి కాగితం వచ్చింది.
ఈ వారం పాఠం: మంచు దేశపు జంతువులు.
కావలసినవి: దూది, తెల్ల కాగితాలు, ఐసు.

మా అంగన్‌వాడీకి ఫ్రిజ్ లేదు.
ఫ్యానుంది, కరెంటు దయతలచినప్పుడు తిరుగుతుంది.
చైత్రం సగమైంది. రేకుల కింద
పద్నాలుగు మంది గుంటలు
చెమటకి పలకల్లా మెరుస్తున్నారు.

కాగితం చదివి వినిపిస్తే
ఆయా దాలమ్మ నవ్వింది.
"మంచుకేటి కరువు మేడమ్మా?
బయట కొండలు కొండలున్నాది కదేటి."

కిటికీలోంచి చూశాను.
రైలు కట్ట అవతల, మడుల గట్ల మీద
ఎండని తిరగ్గొడుతున్న ఉప్పు కుప్పలు.
పంతొమ్మిదేళ్లుగా చూస్తున్నాను,
ఒక్కసారైనా నాకు తట్టలేదు.

రెండు గమేళాల ఉత్తర ధ్రువాన్ని
చుట్టకుదురు మీద పెట్టుకుని మోసుకొచ్చింది దాలమ్మ.
గుడ్ల అట్టలు బోర్లిస్తే మంచుకొండలు.
ఖాళీ పాల డబ్బాలు కోసి
లోపలి వెండిని పైకి తిప్పితే పగిలిన మంచుపలకలు.
తాంబాళంలో నీలిమందు నీళ్లు,
అంతకంటే చల్లని సముద్రం మాకు దొరకలేదు.
వంకాయకి చింతపిక్కల కళ్లు పెడితే సీలు.
దాని పక్కన కోరలది, పేరు నాకే నోరు తిరగలేదు,
చీపురుపుల్లలు గుచ్చుకుని
వంటింట్లో తప్పు చేసినదానిలా కూర్చుంది.

దూది ఎలుగుగొడ్డు దగ్గర పేచీ వచ్చింది.
"తెల్లదేటి?" అన్నాడు కూర్మేశు.
"ఎలుగ్గొడ్డు నల్లగుంటాది.
మా తాత వీపు గీరీసింది, జీడితోటలో."
చొక్కా ఎత్తి తన వీపే చూపించాడు,
తాత గాయం ఎక్కడెక్కడో వేలితో గీస్తూ.
ఇది వేరేదిరా, ఇక్కడికి రాదు,
ఎండ పడదు దీనికి, అన్నాను.
కాసేపు ఆలోచించాడు.
"పాపం" అని
దాని మీద పలకతో విసరడం మొదలుపెట్టాడు.

పెంగ్విన్ ఉండకూడదు, అది అవతలి కొస, అని చెప్పాను.
హైందవి అప్పటికే బొగ్గుతో ఒకటి చేసి
జేబులో దాచింది.
"తేలినీలాపురం కొంగలు రానేదేటి అంత దూరం నుంచి?
ఇదీ అలాగే. సుట్టం."
నా దగ్గర జవాబు లేదు. పెంగ్విన్ దిగింది.

ఇంతలో ఎవడో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.
"ఒలమ్మో, మంచు ఉప్పగున్నాది!"
పద్నాలుగు వేళ్లు, పద్నాలుగు నాలికలు.
నేను దిద్దలేదు.
పెద్దయ్యాక ఎవరో దిద్దుతారు,
అప్పటిదాకా ఉప్పగానే ఉండనీ.

చివర్లో, పాఠంలో ఉంది కాబట్టి చెప్పాను:
అక్కడ మంచు కరిగిపోతోందర్రా.
ఏటికేడు తగ్గిపోతోంది.
దీనికి నిలబడ్డానికి చోటుండదు.
అర్థం కాదనుకుని,
గుడ్లు ఉడికాయో లేదో అని లేవబోయాను.

"వానొచ్చిందేటి?" అంది నీలోత్పల.
నాలుగున్నరేళ్లు. తల్లి మడుల్లో కూలి.
"నిరుడు మా అమ్మోల కుప్ప అలాగే ఎల్లిపోనాది.
రాత్రికి రాత్రే.
అమ్మ ఏడవనేదు. గట్టు మీద కూకుండిపోనాది."

గదిలో కూర్మేశు విసిరే పలక చప్పుడొక్కటే.

గుడ్డూ అన్నం తిన్నారు,
చేతులు కడిగారు, వెళ్లిపోయారు.
మధ్యాహ్నానికి సముద్రం వైపు కొంచెం మబ్బు పట్టింది.
తాళం వేద్దామని తిరిగి చూద్దును కదా,
తాంబాళం నిండా తాటాకులు.
కుప్పల మీద కప్పినట్టే,
ఒకదాని మీద ఒకటి, అంచు మీద అంచు,
ఎగిరిపోకుండా నాలుగు వైపులా గులకరాళ్లు.

ఒకచోట మాత్రం ఆకు చింపి ఉంది,
రూపాయి బిళ్లంత.
వంగి చూశాను.
అందులోంచి దూది ముక్కు.