జీతం లేని షిఫ్టు

కొవిల్యా కొండవాలు మీద
మా ఉన్ని మిల్లు మూతపడి ముప్పై మూడేళ్లు.
మగ్గాల్ని తుక్కు కింద తూకానికి అమ్మేశారు.
గోడ పగుల్లో అంజూర చెట్టు మొలిచి, కాయలు కూడా కాస్తోంది.

ఒక్క మగ్గం మాత్రం వాళ్ల లెక్కలోంచి తప్పించుకుంది.
అది నా ఎడమ చెవిలో ఉంది.
దానికి ఆదివారం లేదు, సమ్మె లేదు,
జీతమూ లేదు.

డాక్టరు దానికో పేరు చెప్పాడు,
మందుసీసా మీది పేరులా ఉంది.
మందు మాత్రం లేదట.
"అలవాటు పడాలి, దోనా దెయొలిందా."
అలవాటా!
పద్నాలుగో ఏట ఆ షెడ్డులో అడుగుపెట్టి
ఇరవై నాలుగేళ్లు అలవాటు పడబట్టే కదా ఇదంతా.
చెవిటివాడి ముందు శంఖం ఊదొద్దంటారు.
శంఖం లోపలే ఉంటే ఎవరికి చెప్పుకోను?

మంచు కురిసిన రాత్రులు మరీ ఘోరం.
ఊరంతా నోరు మూసుకుంటుంది,
అది తెరుస్తుంది.
"నీకు వినపడట్లేదూ?" అని అబీలియోని లేపేదాన్ని.
పాపం, మంచం మీద లేచి కూర్చుని
చీకట్లోకి చెవులు రిక్కించేవాడు
నా తలలోని మగ్గం కోసం.

చెవి మిషన్లు పెట్టిన పిల్ల పేరు ఇరియా.
చిక్కుడు గింజంత వాటిని చెవుల వెనక తగిలించి అంది:
"బయటి చప్పుళ్లు అందక మీ మెదడు ఆకలితో
తన వంట తనే వండుకుంటోంది.
కాస్త తిండి పెడదాం."

మొదటి రోజు తిండి ఎక్కువైంది.
స్వెటరు చేతులు రాసుకుంటే అడవి అంటుకున్నట్టు.
కాగితం సంచి మడిస్తే ఉలిక్కిపడ్డాను.
అబీలియో గట్టి రొట్టె నములుతుంటే
చెంచా కింద పెట్టేశాను:
"నలభై ఆరేళ్లుగా ఇంత చప్పుడు చేస్తూ తింటున్నావా?"
"నలభై ఆరేళ్లుగా నువ్వు అడగలేదు" అన్నాడు.
ఆ మాట చివరి అక్షరం కూడా వినపడింది.
అతని మాటలకి చివర్లుంటాయని మరిచేపోయాను.

రెండో వారం ఇరియా
మిషన్లలో ఓ చప్పుడు కలుపుతానంది.
సముద్రం కావాలా, వాన కావాలా?
సముద్రాన్ని రెండుసార్లే చూశాను, నమ్మకం లేదు.
వాన పెట్టమన్నాను.
ఎన్నడూ తడవని వాళ్లెవరో చేసిన వాన అది.
అయినా వానే.
"పెంచు, దాన్ని ముంచెయ్" అన్నాను.
ముంచకూడదట.
వాన ఆగగానే మళ్లీ తేలుతుందట.
రెండూ వినపడాలి, పక్కపక్కన.

ఆ విద్య నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.
పడుగుని దాచేసి గుడ్డ నేసినవాళ్లెవరు?
బిగుసుకు నిలబడ్డ ఆ పోగుకి
పైనుంచోసారి, కిందనుంచోసారి
పేక వేసుకుంటూ పోవడమే:
కెటిల్ ఈల,
మెట్ల మీద పక్కింటి కుక్క గోళ్లు,
చర్చి గంట, గంట ఆగాక కూడా ఆగని దాని వణుకు.
కొన్ని మధ్యాహ్నాలు
గుడ్డే కనిపిస్తుంది, పోగు కనిపించదు.
కొన్ని మధ్యాహ్నాలు బ్యాటరీ అయిపోతుంది.

రాత్రి మిషన్లు డబ్బాలో పెట్టగానే
సైరన్ విన్న పనివాడిలా అది లేస్తుంది.
కిటికీ రెక్క బెత్తెడు తెరిచి
వాగుని లోపలికి రానిస్తాను.
పోట్లాడను. అటు తిరిగి పడుకుంటాను.

నిన్న సంతలో, రోడ్డుకి అవతల ఫెలిస్మీనా.
మిల్లులో మేం గొంతుల్లేకుండా మాట్లాడుకునేవాళ్లం,
పెదాలతో, కనుబొమలతో.
మేస్త్రీని అతని ఎదుటే తిట్టుకునేవాళ్లం.
చెవి వేలితో చూపించి
"నీది ఎలా కూస్తుంది?" అని పెదాలు కదిపింది.
పళ్ల వెనక నాలుక పెట్టి చూపించాను: స్స్‌స్.
కాదన్నట్టు తలూపి
తన మూతి గుండ్రంగా చుట్టింది: ఊఁఊఁ.
నిజమే.
ఆమెది ఉన్ని దువ్వే గది.
నాది నేత గది.

బస్సు అడ్డొచ్చింది.
అది పోయేదాకా ఆగి
ఇద్దరం మేస్త్రీని మళ్లీ తిట్టాం.