ఎనిమిదో దాటు

అయోవా సిటీ, ఫిబ్రవరి. నేలమాళిగలో మూడో గది.
హీటరు గొట్టం కుక్కర్లా ఈల వేసి ఊరుకుంటుంది.
బల్ల మీద నలభై ఏళ్ళనాటి కాగితపు చుట్ట,
శని దగ్గరికి వెళ్ళిన నౌక పంపిన గీత.
విప్పితే ఈ గోడ నుంచి ఆ గోడకు.

కాసేపు నున్నగా నడుస్తుంది
నూనె రాసి దువ్విన జుట్టులా.
ఉన్నట్టుండి పిచ్చుక గూడు.
నున్నగా ఉన్నంతసేపూ శని ఏలుబడి,
చిక్కుపడితే బయట, సూర్యుడి గాలి సుడులు తిరిగే చోటు.
నడుమ కంచె లేదు, రాయి లేదు.
ఐదు నానోటెస్లాల పట్టింపు, అంతే.
మా ఫ్రిజ్ తలుపు మీద పిజ్జా కొట్టువాడిచ్చిన అయస్కాంతం
దీనికి పది లక్షల రెట్లు.

నౌక వెళ్ళింది ఒక్కసారే,
తిన్నగా, వెనక్కి తిరిగి చూడకుండా.
హద్దే ఊరుకోలేదు.
గాలి జోరెక్కితే ముడుచుకుని
తగ్గితే ఉబ్బి
గుమ్మంలో నిలబడ్డ మనిషి ముఖాన్ని తలుపు తెర
కప్పి, వదిలి, మళ్ళీ కప్పినట్టు.

దాటిన చోటల్లా ఎర్ర పెన్సిల్‌తో
నిలువు గీత పెట్టింది వెర్నా హ్రుబీ.
ఎనిమిది.

నా ప్రోగ్రాం ఏడే అంటోంది.
మూడు వారాలుగా అదే మాట.
పైగా ఎనిమిదైతే, లెక్క ప్రకారం,
నౌక ఇంకా బయటే ఉండాలి.
చివరి గీత పక్కన చిన్న ప్రశ్నార్థకం,
చెరిపి మళ్ళీ పెట్టిన మరక.

ఫోన్ చేశాను. ఎనభై ఏడేళ్ళావిడకి.
టీవీలో బాస్కెట్‌బాల్; తగ్గించలేదు.
“ఏ రోజుది?”
చెప్పాను.
“అది దాటు కాదమ్మాయ్. అంచు దాకా వచ్చి ఆగింది.”
“మరి గీతెందుకు పెట్టారు?”
అవతల ఎవరో బంతి వేసినట్టున్నారు, జనం అరిచారు.
“దగ్గరికి రావడం కూడా ఎక్కడో ఒకచోట రాయాలిగా.
ఆ ఫారంలో దానికి గడి లేదు.”

నా దాంట్లోనూ లేదు.
దాటితే ఒకటి, దాటకపోతే సున్నా.
పట్టికలో కొత్త వరస తెరిచాను.
పేరు తోచక “వెర్నా” అని పెట్టాను.
గురువారం మీటింగులో అడుగుతారు, అదేమిటని.
అప్పటికి ఏదో ఒకటి చెప్పాలి.

చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, దీపం ఆర్పి
మెట్లెక్కి వీధి తలుపు తోశాను.
బయట మంచు అడ్డంగా కురుస్తోంది.
ఒక కాలు బయట పెట్టానో లేదో
గాలి తలుపుతో సహా నన్ను లోపలికి నెట్టింది.
మళ్ళీ తోశాను.

లెక్కపెడితే మూడు.